ఈజీఆర్ కూలర్‌కి రేకుల దొంతర: వేడి గ్యాస్ దూరే మూల పగులుతోంది, ఏం చేయాలి?

కానూరు మెకానికల్
అందరికీ నమస్కారం. కానూరు వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫైనల్ ఇయర్. మా నలుగురి బ్యాచ్ ప్రాజెక్టు ఏంటంటే, ల్యాబ్‌లో ఉన్న 2.2 లీటర్ల డీజిల్ ఇంజన్‌కి ఈజీఆర్ కూలర్, అంటే కాలిన పొగని కొంత వెనక్కి ఇంజన్‌లోకి పంపే ముందు చల్లార్చే పెట్టె, సొంతంగా తయారు చేయడం. మామూలుగా దొరికే గొట్టాల రకం వద్దనుకున్నాం. పల్చటి రేకులు ఒకదానిమీద ఒకటి పేర్చి, ఒక సందులో ఇంజన్ పొగ, దాని పక్క సందులో కూలెంట్ పారేలా అనుకున్నాం. ఇంట్లో బొమ్మ చూపిస్తే అమ్మ "ఇడ్లీ పాత్రకి నాలుగేళ్ల చదువా?" అంది.

రేకు 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీల్, మందం 0.4 మి.మీ. పొడవు 140, వెడల్పు 50. అంచులు కాస్త ఏటవాలుగా పైకి లేచి ఉంటాయి కాబట్టి స్టీలు పళ్లేల్లాగా ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి. నాలుగు మూలల్లో నాలుగు కన్నాలు. రెండు పొగకి, రెండు కూలెంట్‌కి. డై, ప్రెస్ పని ఆటోనగర్‌లో చేయించాం.

మొదటి నమూనా చిన్నదే, మూడు పొగ సందులు మాత్రమే. వెండి టంకంతో అతికించాం. నీళ్ల తొట్టిలో ముంచి గాలి కొడితే ఒక్క బుడగ కూడా రాలేదు. ఆ రాత్రి పునుగులతో పార్టీ కూడా చేసుకున్నాం. ఇంజన్ మీద మూడోసారి నడిపేసరికి కూలెంట్ తగ్గింది. విప్పి చూస్తే పొగ దూరే కన్నం చుట్టూ, అరచంద్రుడిలాగా, వెంట్రుకంత పగులు.

నా డౌట్లు ఇవి. స్టీలుకి వేడి లాగే గుణం తక్కువ కదా, రాగి గానీ అల్యూమినియం గానీ వాడితే కూలర్ చిన్నదవుతుందా? పొగ, కూలెంట్ ఎదురెదురుగా పారాలా, ఒకే వైపు పారాలా? మా గైడ్ ఎదురెదురే అంటున్నారు. అన్నిటికన్నా ముందు, ఆ పగులు ఎందుకు వచ్చింది?

ఆటోనగర్ బాబాయ్
తమ్ముడూ, ముప్పై ఏళ్లుగా రేడియేటర్ల పని చేస్తున్నా. నా దగ్గరికి ఈజీఆర్ కూలర్ వచ్చిందంటే కథ ఒకటే. "బాబాయ్, రోజూ లీటరు కూలెంట్ పోస్తున్నా, కింద చుక్క కూడా కారడం లేదు, ఎటు పోతోందో తెలీదు" అంటాడు డ్రైవరు. కింద కారదు నాయనా, లోపలే కారుతుంది. పొగ దారిలోకి పోయి, ఇంజన్‌లో ఆవిరై, సైలెన్సర్‌లోంచి తెల్లపొగగా బయటకి పోతుంది. ఆ పొగ తియ్యగా వాసన వస్తుంది. అది పట్టుకుంటే జబ్బు దొరికినట్టే. అలాగే వదిలేస్తే ఒకరోజు బండి ఆపినప్పుడు కూలెంట్ సిలిండర్‌లో నిలబడిపోతుంది. పొద్దున్నే స్టార్ట్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

చాలామంది చేసే వైద్యం నీకూ తెలిసే ఉంటుంది. పొగ దారికి అడ్డంగా ఒక రేకు పెట్టి బోల్టులు బిగించెయ్యడం. నేనూ ఒకప్పుడు చేశాను, దాచుకోను. ఇప్పుడు చేయను.

పగులు ఫొటో పెట్టు. పగులు ఆకారం చూస్తే సగం చెప్పొచ్చు.

తెనాలి టు చెన్నై
నేను పన్నెండేళ్లుగా ఇలాంటి కూలర్ల డిజైన్‌లోనే ఉన్నాను. బాబాయ్ గారు రేకు అడ్డం గురించి అన్నారు కాబట్టి ఆ సంగతి ముందు తేల్చేద్దాం.

గాలిలో ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్ మామూలుగా ఒకదాని జోలికి ఒకటి పోవు. సిలిండర్‌లో మంట బాగా వేడెక్కినప్పుడు మాత్రం కలిసి నాక్స్, అంటే ఊపిరికి చేటు చేసే నైట్రోజన్ ఆక్సైడ్లు, అవుతాయి. కాలిన పొగని కొంత వెనక్కి తెచ్చి లోపలికి పంపితే, అందులోని కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వేడిని మింగేస్తాయి, ఆక్సిజన్ వాటా కూడా తగ్గుతుంది. మంట కాస్త చల్లబడుతుంది, నాక్స్ తగ్గుతుంది. ఆ పొగని అలాగే సెగలు కక్కుతూ పంపితే ఉబ్బిపోయి స్వచ్ఛమైన గాలి చోటు తినేస్తుంది. చల్లార్చి పంపాల్సింది అందుకే. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 కాలుష్య నియమాలు వచ్చాక ఆ దారికి రేకు అడ్డం పెడితే సెన్సార్లు ఊరుకోవు, చట్టమూ ఊరుకోదు.

ఇక నీ కూలర్ లెక్క. నీ ఇంజన్‌కి సెకనుకి 12 గ్రాముల పొగ వెనక్కి వస్తుందనుకో. 450 డిగ్రీల దగ్గర దూరి 150కి దిగాలి. పొగ విశిష్టోష్ణం కిలోకి, డిగ్రీకి 1.1 కిలోజౌళ్లు. గుణిస్తే దాదాపు 4 కిలోవాట్లు. ఇంట్లో వేణ్నీళ్ల గీజర్లు రెండు కలిపినంత వేడి, గుప్పెట్లో పట్టే పెట్టెలోంచి పోవాలి. కూలెంట్ నిమిషానికి 10 లీటర్లు పంపితే అది వేడెక్కేది ఆరేడు డిగ్రీలే. ఈ అంకె గుర్తుపెట్టుకో, దీని మీదే నీ రెండో డౌట్ తేలుతుంది. ఈ 4 కిలోవాట్లూ చివరికి రేడియేటర్ నెత్తినే పడతాయి. మే నెలలో బెజవాడ ఎండలో ఆ సంగతి కూడా చూసుకోవాలి.

కానూరు మెకానికల్
ఫొటో పెట్టాను బాబాయ్. ఇంకో మాట, నేను తమ్ముణ్ని కాదండీ, అమ్మాయిని 🙂

ఆటోనగర్ బాబాయ్
అయ్యో, క్షమించమ్మా. ప్రొఫైల్‌లో ట్రాక్టర్ బొమ్మ ఉంటే అబ్బాయనుకున్నా.

కానూరు మెకానికల్
అది మా నాన్న ట్రాక్టర్. నేనూ నడుపుతా.

బ్రాడీపేట మాస్టారు
గుంటూరులో ముప్పై రెండేళ్లు ఉష్ణశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. రాగి ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగేవారు, అందుకని ముందు దానికి జవాబు చెబుతాను.

వేడి పొగలోంచి కూలెంట్‌లోకి పోవడానికి మూడు గడపలు దాటాలి. పొగ నుంచి రేకుకి, రేకు గుండా, రేకు నుంచి కూలెంట్‌కి. ఒక్కొక్క గడప ఎత్తు ఎంతో చూడు. పొగ వైపు ఉష్ణ బదిలీ గుణకం చదరపు మీటరుకి, డిగ్రీకి 100 వాట్లనుకుంటే అడ్డంకి 0.01. రేకు మందం 0.4 మి.మీ., స్టెయిన్‌లెస్ వాహకత్వం 15 కాబట్టి అడ్డంకి 0.000027. అంటే పొగ గడప రేకు గడపకన్నా 370 రెట్లు ఎత్తు. ఇప్పుడు నువ్వు వెళ్లి చిన్న గడపని రాగితో చెక్కిస్తానంటున్నావు. ఇంకా చెక్కు, ఉపయోగం లేదు. పొగ వైపు ముడతల రేకు పెట్టి వైశాల్యం పెంచుకో, డబ్బు అక్కడ పెట్టు. అల్యూమినియం సంగతంటావా, 660 డిగ్రీలకే కరుగుతుంది. లోడు మీద ఉన్నప్పుడు పొగ ఆ దగ్గర్లోకి వచ్చేస్తుంది, కరగడానికి చాలా ముందే మెత్తబడిపోతుంది.

ఇక ఎదురెదురా, ఒకే వైపా. పాఠ్యపుస్తకంలో ఎదురెదురు మేలని ఉంటుంది, మీ గైడ్ తప్పు చెప్పలేదు. కానీ పైన అబ్బాయి చెప్పిన అంకె పట్టుకుందాం. పొగ 300 డిగ్రీలు దిగుతుంటే కూలెంట్ ఆరేడు డిగ్రీలే ఎక్కుతోంది. రెండు ప్రవాహాల వేడి మోసే శక్తుల నిష్పత్తి 0.02. కూలెంట్ 90 డిగ్రీల దగ్గర ఉంటే, పొగని 450 నుంచి 150కి దించడానికి కావలసిన ఎఫెక్టివ్‌నెస్ (గరిష్ఠంగా తీయగల వేడిలో నిజంగా తీసే వాటా) 0.83, ఎన్‌టీయూ (పొగ వేడి మోసే శక్తితో పోలిస్తే కూలర్ వేడి లాగే సామర్థ్యం) 1.79. ఇదే ఎన్‌టీయూకి ఎదురెదురుగా లెక్క కడితే పొగ 151 దగ్గర బయటకొస్తుంది. ఒకే వైపు పారిస్తే 154. మూడు డిగ్రీల తేడా!

నిష్పత్తి సున్నాకి దగ్గరైతే ఏ దిక్కున పారిందన్న సంగతికి విలువే ఉండదు. పాతికేళ్లు బోర్డు మీద ఈ సూత్రం రాశాను గానీ, ఇంత చక్కటి ఉదాహరణ అప్పట్లో నాకు తట్టలేదు.

కానూరు మెకానికల్
మాస్టారూ, అయితే ఏ దిక్కైనా ఒకటేనా? ఏదో ఒకటి పెట్టేయొచ్చా?

తెనాలి టు చెన్నై
వేడి లెక్కకి ఒకటే, పగుళ్ల లెక్కకి ఒకటి కాదు. ఒకే వైపు పారించు. అంటే పొగ దూరే చోటే చల్లటి కూలెంట్ కూడా దూరాలి. అన్నిటికన్నా వేడి పొగ తగిలే రేకు వెనక అన్నిటికన్నా చల్లటి కూలెంట్, అదీ వేగంగా పారుతూ ఉంటుంది. మూడు డిగ్రీలు పోతే పోయాయి.

వైశాల్యం కూడా చెప్పేస్తాను. ఎన్‌టీయూ 1.79ని పొగ వేడి మోసే శక్తి 13.2తో (12 గ్రాములు × 1.1) గుణిస్తే డిగ్రీకి 23.6 వాట్లు. గుణకం 100 అనుకుంటే 0.236 చదరపు మీటర్లు కావాలి. నీ రేకు వైశాల్యం 0.007, ఒక్కో పొగ సందుకి రెండు వైపులు కాబట్టి 0.014. ఉత్త రేకులైతే 17 సందులు. లోపల ముడతల రేకు వల్ల వైశాల్యం రెట్టింపైతే 9 సరిపోతాయి. ముడతల మధ్య సందు మాత్రం 3 మి.మీ. కన్నా తగ్గించకు. కంప్యూటర్‌లో 1.5 పెడితే కూలర్ ముద్దుగా చిన్నదవుతుంది, మసి వచ్చి పదిరోజుల్లో పూడ్చేస్తుంది.

డైరీ ప్లేట్ల మనిషి
చర్చ చూసి ఆగలేకపోయాను. నేను గుంటూరు జిల్లాలో ఒక పాల డైరీలో మెయింటెనెన్స్. మా పాశ్చరైజర్‌లో రోజూ నా చేతుల మీదుగా పోయేవి ఈ ప్లేట్లే. ఒక సందులో పాలు, పక్క సందులో వేణ్నీళ్లు. 72 డిగ్రీలు, 15 సెకన్లు. ఈ పద్ధతిని పాల కోసమే 1923లో రిచర్డ్ సెలిగ్‌మన్ అనే ఆయన ఇంగ్లాండ్‌లో మార్కెట్‌కి తెచ్చాడు. అంటే మీ ఈజీఆర్ కూలర్‌కి ముత్తాత మా పాల మిషనే.

మావి రబ్బరు గాస్కెట్లు, బోల్టులు విప్పితే పుస్తకంలా తెరుచుకుంటుంది, కడుక్కుంటాం. మీకు ఆ సుఖం లేదు. 150 డిగ్రీలు దాటితే మా ఈపీడీఎం రబ్బరు బతకదు. అందుకే మీరు అతికించాల్సి వస్తోంది. మా దగ్గర రెండు వైపులా నీళ్లలాంటి ద్రవాలే కాబట్టి ఎదురెదురుగా పారిస్తే నిజంగా లాభం ఉంటుంది. మాస్టారు చెప్పిన నిష్పత్తి మాకు ఒకటికి దగ్గర్లో ఉంటుంది. మీ లెక్క ఎందుకు వేరుగా ఉందో ఇప్పుడు అర్థమైంది.

అనుభవంలోంచి ఒక మాట. మూలల్లో కన్నాలు ఉన్న ప్లేటులో ద్రవం దగ్గర దారి వెతుక్కుంటుంది. ఒక కన్నంలోంచి వచ్చి ఐమూలగా ఇంకో కన్నంలోకి పోతుంది. మిగిలిన రెండు మూలలూ నిద్రపోతాయి. మా పాత ప్లేట్లు విప్పితే పాల గార (మిల్క్‌స్టోన్) పేరుకునేది ఆ మూలల్లోనే. మీ కూలెంట్ సందులో గీతలూ చుక్కలూ ఏమైనా ఉన్నాయా?

కానూరు మెకానికల్
లేవండీ. నున్నగా వదిలేశాం. డైకి డబ్బులు సరిపోక.

గుంటూరు ఘాటు
మిర్చి యార్డుకి బళ్లు తిప్పేవాణ్ని. ఈ లెక్కలన్నీ బాగున్నాయి గానీ, నా బండి సంగతి వినండి. లక్ష కిలోమీటర్లు కాకముందే కూలర్ లీకు. షోరూం వాళ్లు చెప్పిన ధరతో ఒక గేదె వస్తుంది. వారంటీ అడిగితే "మీరు బోరు నీళ్లు పోశారు" అని నామీదకే నెట్టారు. డ్రైవరు దారిలో రేడియేటర్‌లో ఏం పోస్తాడో ఓనరుకి తెలుస్తుందా? చివరికి బాబాయ్ చెప్పిన రేకే అడ్డం వేయించా. మైలేజీ పెరిగింది కూడా. ఏం పోయింది?

ఆటోనగర్ బాబాయ్
బోరు నీళ్ల మాట నిజమేనయ్యా. మన వైపు బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. అన్నిటికన్నా వేడి చోటే సున్నం పడుతుంది. కుక్కర్ అడుగున పేరుకున్నట్టే. ఆ తెల్ల పెచ్చు కింద రేకు కాలిపోతుంది. నీ కూలర్ కోసి చూపిస్తే నీకే తెలిసేది.

తెనాలి టు చెన్నై
ఘాటు గారూ, షోరూం వాళ్లతో మీ గొడవ మీది, అందులో నేను దూరను. ఏం పోయిందంటే, మీ బండి వెనక బైకు మీద వచ్చేవాడి ఊపిరితిత్తులు. ఇంతకన్నా వాదించను.

లీకుని తేలిగ్గా తీసుకోవద్దని మాత్రం చెబుతాను. 2018లో దక్షిణ కొరియాలో బీఎండబ్ల్యూ డీజిల్ కార్లు వరసగా తగలబడితే లక్షకు పైగా కార్లు వెనక్కి పిలిచారు. కంపెనీ చెప్పిన కారణం ఈజీఆర్ కూలర్ లీకే. కారిన కూలెంట్‌లోని గ్లైకాల్ మసితో కలిసి జిగురులా పేరుకుంది. దానికి వేడి పొగ తగిలి అంటుకుంది. అంత పెద్ద కంపెనీకే ఈ చిన్న పెట్టె అంత పని పెట్టింది.

ఇప్పుడు అమ్మాయి పగులు. ఫొటో చూశాను. రెండు కారణాలు కలిశాయి.

ఒకటి, నీ పొగ కన్నం రేకు మూలలో ఉంది. ఆ కన్నానికి పైన మందపాటి ఫ్లాంజి, అంటే పొగ గొట్టాన్ని బోల్టులతో బిగించే పట్టీ. ఫ్లాంజి వెనక కూలెంట్ లేదు, అది పొగ వేడికే ఉంటుంది, 400 పైన. దాన్ని పట్టుకున్న పల్చటి రేకు వెనక కూలెంట్ ఉంది, 120 దగ్గర ఉంటుంది. తేడా 300 డిగ్రీలు. 316ఎల్ ఒక్కో డిగ్రీకి మీటరుకి 17 మైక్రాన్లు సాగుతుంది. 60 మి.మీ. ఫ్లాంజి 0.3 మి.మీ. సాగుతుంది. వినడానికి ఏముందనిపిస్తుంది. కానీ అది పొడవులో అర శాతం. ఈ స్టీలు తిరిగి మామూలుగా అయ్యేది దాదాపు 0.1 శాతం దాకే. అంటే ఇంజన్ వేడెక్కిన ప్రతిసారీ ఆ చుట్టు రేకు శాశ్వతంగా వంగుతోంది, చల్లారినప్పుడు వెనక్కి వంగుతోంది. ఇనుప తీగని అటూ ఇటూ వంచి తుంపుతాం చూడు, అదే.

రెండోది డైరీ ఆయన చెప్పిన నిద్రపోయే మూల. కూలెంట్ బాగా పారే చోట దాని గుణకం 3000 అనుకో. ముడతల రేకుతో కలిపి పొగ వైపు 250. 450 డిగ్రీల పొగ తగిలే చోట రేకు 118 డిగ్రీల దగ్గర ఆగుతుంది. 50-50 గ్లైకాల్ కూలెంట్ ఒక బార్ ఒత్తిడి మూత కింద 125 పైన గానీ మరగదు, కాబట్టి ఫరవాలేదు. అదే చోట కూలెంట్ నిలబడిపోయి గుణకం 500కి పడితే? రేకు 210 దాకా పోతుంది. అక్కడ కూలెంట్ మరుగుతుంది, ఆవిరి బుడగ రేకుని ఎండబెడుతుంది, గుణకం ఇంకా పడుతుంది. మళ్లీ తడుస్తుంది, మళ్లీ ఎండుతుంది.

నీ కూలెంట్ ఎక్కడ నిలబడిపోతోందో కళ్లారా చూడు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక రేకు మీద పారదర్శకమైన యాక్రిలిక్ షీటు బిగించి, నీళ్లు పారించి, రంగు వెయ్యి.

కానూరు మెకానికల్
చేశాం!! నిన్న సాయంత్రం హాస్టల్ వెనక.

యాక్రిలిక్ ముక్క పటమటలో బోర్డులు రాసే షాపులో అడిగితే తుక్కులోంచి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. అంచులకి సిలికాన్ పూసి, పైన బకెట్టు పెట్టి, కొలిచి నిమిషానికి లీటరు పారేలా పెట్టాం, ఒక్క సందు వాటా అంతే కదా. రంగుకి ముందు కుంకుమ వేశాం, అది కరగకుండా అడుగుకి దిగిపోయింది. తర్వాత బట్టలకి వేసే నీలం, సిరంజితో.

ముందు రేకంతా నీలం నింపి, ఆ తర్వాత మంచినీళ్లు వదిలాం. కన్నం నుంచి కన్నానికి ఐమూలగా ఒక పాయ నాలుగైదు సెకన్లలో తెల్లగా తేలిపోయింది. పక్కలు మెల్లగా పల్చబడ్డాయి. ఒక మూలలో మాత్రం గోరంత నీలం గుండ్రంగా సుడి తిరుగుతూ ఉండిపోయింది. ఫోన్‌లో టైం పెట్టాం. నిమిషం పది సెకన్లైనా పోలేదు. పగిలిన రేకు తెచ్చి పక్కన పెట్టి చూస్తే, పగులు సరిగ్గా ఆ మూలే. మా బ్యాచ్‌లో వాడు ఒకడు "ఒరేయ్, అక్కడే" అని గట్టిగా అరిచాడు, వార్డెన్ వచ్చాడు.

బ్రాడీపేట మాస్టారు
ఆ వీడియో రిపోర్టులో పెట్టండి. వైవాలో మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేరు.

డైరీ ప్లేట్ల మనిషి
కూలెంట్ దూరే కన్నం ముందు రెండు చిన్న గట్లు లేపండి, నీళ్లు ఆ మూలకి మళ్లేలా. పొలంలో మడవ కట్టినట్టే. ట్రాక్టర్ ఉన్నవాళ్లకి నేను చెప్పేదేముంది. మిగతా రేకంతా చుక్కలు వరస తప్పించి వేయండి. చుక్కకి చుక్క తగిలేలా పెడితే ఒత్తిడికి రేకులు ఉబ్బకుండా కూడా పట్టుకుంటాయి.

బాలానగర్ ఫర్నేస్
హైదరాబాద్‌లో వాక్యూమ్ బ్రేజింగ్ పని, అంటే గాలి తీసేసిన ఫర్నేస్‌లో వేరే లోహం కరిగించి రేకులు అతికించడం. వెండి టంకం విషయం ఎవరూ ఎత్తలేదు, నేను చెబుతా. అది కరిగేది 600 పైన అని అందరూ ధైర్యంగా వాడేస్తారు. కానీ 200 దాటాక దాని బలం జారిపోతూ ఉంటుంది. ఏసీ గొట్టాలకి మహారాజు, ఇంజన్ పొగకి పనికిరాదు. రాగితో బ్రేజ్ చేస్తే వేడికి కొంత ఆగుతుంది గానీ, పొగ చల్లారినప్పుడు పట్టే చెమటలో ఆమ్లం ఉంటుంది, అది రాగిని తింటుంది. బీఎస్-6 డీజిల్‌లో గంధకం 50 నుంచి 10 పీపీఎంకి తగ్గింది కాబట్టి ఆమ్లం తగ్గింది, పూర్తిగా పోలేదు.

నికెల్ పేస్టు వాడండి. ఫర్నేస్ 1050 నుంచి 1150 మధ్య, పేస్టు రకాన్ని బట్టి. రేకుల మధ్య సందు వెంట్రుక కన్నా పల్చగా ఉండాలి, 0.05 మి.మీ. దాటితే జాయింటు పెళుసుబారుతుంది. నికెల్ పేస్టులో బోరాన్ ఉన్న రకాలుంటాయి. అది స్టీలులోకి ఇంకి పల్చటి రేకుని కొరికేస్తుంది. మీది 0.4 కాబట్టి పేస్టు ఎక్కువ పూయకండి. ఎక్కువ పూస్తే గట్టిగా ఉంటుందనుకుని ఒక బ్యాచ్ కుర్రాళ్లు పాయసంలా పోసి తెచ్చారు. బయటకి తీస్తే రేకుకి చిల్లులు.

దొంతర మీద బరువు పెట్టాలి, పేస్టు కరిగినప్పుడు దొంతర కిందకి దిగుతుంది. బోల్టులతో బిగించేసి పంపితే దిగదు, సందులు మిగిలిపోతాయి. నూనె మరకా వేలి ముద్రా ఉండకూడదు. ఎసిటోన్‌తో కడిగి, గ్లవ్స్ వేసుకుని పేర్చండి.

కానూరు మెకానికల్
పేస్టు మేమూ పాయసంలాగే పోద్దామనుకున్నాం. థాంక్స్ అన్నా.

పొగ కన్నం మూలలోంచి తీసేస్తే ఎలా ఉంటుంది? రేకు పొట్టి అంచుల నుంచి పొగ నేరుగా సందుల్లోకి దూరి అటు చివర బయటకి పోయేలా. మూలల్లో కూలెంట్ కన్నాలు మాత్రమే ఉంటాయి.

తెనాలి టు చెన్నై
నేను చెబుదామనుకుని ఆగాను, నువ్వే వస్తావని. అదే సరైన దారి. పొగకి అడ్డమలుపు ఉండదు, ఒత్తిడి నష్టం తగ్గుతుంది. ఫ్లాంజిని దొంతరకి నేరుగా అంటించకు. మధ్యలో పల్చటి గరాటు పెట్టు, సాగుడంతా అది మింగుతుంది. ముడతల రేకుని సందు మొదట్లోనే మొదలుపెట్టకుండా ఐదారు మి.మీ. లోపలికి జరుపు. ముందు అంచు బాగా కాలుతుంది, మసి కూడా ముందు అక్కడే గడ్డకడుతుంది.

గుంటూరు ఘాటు
మసి మసి అంటున్నారు, అంత మసి పడితే నాలుగు రోజుల్లో మూసుకుపోదా?

బ్రాడీపేట మాస్టారు
మంచి ప్రశ్న. వేడి పొగలోని మసి రేణువులు చల్లటి గోడ వైపు నెట్టబడతాయి. వేడి వైపు అణువుల తాకిడి ఎక్కువ కాబట్టి. దీన్ని థర్మోఫొరెసిస్ అంటారు. అంటే కూలర్ తన పని తాను చేస్తున్నందుకే మసి దానికి అంటుకుంటుంది. మసి దూదిలాంటిది, వాహకత్వం 0.05 ప్రాంతం. అర మి.మీ. పొర పడితే దాని అడ్డంకి 0.01. నేను మొదట చెప్పిన పొగ గడపంతే ఎత్తు ఇంకోటి లేచినట్టు. వేడి బదిలీ సగమవుతుంది. అయితే పొర పెరిగేకొద్దీ దాని పైభాగం వేడెక్కుతుంది, కొత్త మసికి లాగుడు తగ్గుతుంది, గాలి వేగానికి కొంత రాలుతుంది. కాబట్టి ఒక స్థాయికొచ్చి ఆగుతుంది. చల్లటి ఇంజన్‌తో నడిపితే మాత్రం కాలని డీజిల్ కూడా చేరి తారులా మారుతుంది, అది రాలదు. ఇంజన్ వేడెక్కేదాకా పొగని పక్కదారిన పంపే బైపాస్ అందుకే పెడతారు. మీ బళ్లు బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో గంటలు గంటలు ఐడిల్‌లో కాలితే ఇదే జరుగుతుంది.

కానూరు మెకానికల్
నెల తర్వాత వచ్చాను, సారీ. మధ్యలో ఇంటర్నల్స్, ఆ పైన ఫర్నేస్ క్యూ.

కొత్త దొంతర: 9 పొగ సందులు, 10 కూలెంట్ సందులు. పొగ పొట్టి అంచు నుంచి, కూలెంట్ అదే వైపు నుంచి. రెండు గట్లు, వరస తప్పించిన చుక్కలు. నీలం పరీక్ష మళ్లీ చేశాం, మూల ఎనిమిది సెకన్లలో తేలిపోయింది. గైడ్‌కి మాస్టారి 151, 154 లెక్క చూపించాను. ఆయన మళ్లీ తను వేసుకుని చూసి, "సరే, ఒకే వైపే పెట్టండి" అన్నారు.

ఇంజన్ మీద: పొగ 430 దగ్గర దూరి 168 దగ్గర వచ్చింది, కూలెంట్ 84. ఎఫెక్టివ్‌నెస్ 0.76. అనుకున్నది 0.83. ముడతల రేకు గోడకి అన్నిచోట్లా అతకలేదని అనుమానం. 20 గంటల తర్వాత అదే లోడు మీద 191, అంటే 0.69. మసి పని అది. చల్లార్చి వేడెక్కించడం 40 సార్లు అయింది, కూలెంట్ ఒక్క గీత కూడా తగ్గలేదు.

ఒకటే టెన్షన్. నిన్న తొట్టిలో పెట్టి 2 బార్ గాలి కొడితే, గరాటు వెల్డింగు దగ్గర అరనిమిషానికి ఒక బుడగ వస్తోంది. సూదిమొనంత. పొగ వైపు లీకే, కూలెంట్ వైపు కాదు. వైవా సోమవారం.

బాలానగర్ ఫర్నేస్
గరాటు మళ్లీ ఫర్నేస్‌లో పెట్టొద్దు. టిగ్ వెల్డింగుతో చిన్న చుక్క చాలు.

ఆటోనగర్ బాబాయ్
0.4 రేకు పక్కన టిగ్ అంటే చెయ్యి తిరిగినవాడే పెట్టాలి, లేకపోతే ఆ చుక్క కాస్తా కన్నమవుతుంది. మా వీధిలో ఒకడున్నాడు. ఆదివారం పొద్దున్న తొమ్మిదికల్లా తీసుకురా అమ్మా, ఎండెక్కితే వాడు పని పట్టుకోడు. తొట్టి నా దగ్గరే ఉంది.